ఎడమ కాలికి పని లేని బండి

ఇప్పల గట్టు సగం ఎక్కామో లేదో బండ్లన్నీ ఆగిపోయాయి. పైన మలుపులో ఇసుక లారీ ఒకటి యాక్సిల్ విరిగి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయిందట, పక్క సందులోంచి ఒక్కొక్క బండినే వదులుతున్నారట, ఎదురుగా దిగి వచ్చిన మోటారు సైకిలు మనిషి చెప్పిపోయాడు. గంట పడుతుందట. పడనీ. నాకేం తొందర లేదు. రెండేళ్ల తర్వాత చేతికి స్టీరింగ్ వచ్చింది, ఆకులు రాలిన టేకు కొమ్మల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా అద్దం మీద పడుతోంది, పక్క సీట్లో పళ్ల డాక్టరు ప్రేమ్‌సాగర్ మెడ వాల్చి సన్నగా గురక పెడుతున్నాడు. ఈ ఎర్ర కారు ఎంత కిందికి ఉందంటే పీట మీద కూర్చుని అన్నం తింటున్నట్టుంది. ముందున్న లారీ వెనక చక్రం సరిగ్గా నా కంటికి ఎదురుగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు లారీ మీద నుంచి కార్లను చూసి జాలిపడ్డవాణ్ని, ఇవాళ కారులోంచి చూస్తే కదా లారీ ఎంత పెద్దదో తెలిసింది. కుడి కాలికి రెండు పెడళ్లు ఉన్నాయి. ఎడమ కాలికి ఏమీ లేదు. పొద్దున కొత్తగూడెంలో ఎక్కగానే ఆ కాలు అలవాటుగా ముందుకు పోయి తడుముకుంది, చాప తప్ప ఏమీ దొరకలేదు, వెనక్కి వచ్చి కొత్త చుట్టంలా బిడియంగా ముడుచుకుని కూర్చుంది.

దానికి ఈ విశ్రాంతి న్యాయమే. బొగ్గు టిప్పరు క్లచ్ అంటే చేటలో బియ్యం చెరగడం కాదు. ఒక ట్రిప్పుకు రెండు వందల సార్లు తొక్కినా రోజుకు నాలుగు ట్రిప్పులు, అలా ముప్పై ఒక్క ఏళ్లు, లెక్క వేస్తే తల తిరుగుతుంది, వేయను. దవాఖానాలో మోకాలికి ఫోటో తీసి, ఎముకకీ ఎముకకీ మధ్య ఉండాల్సింది అరిగిపోయిందయ్యా, ఇక క్లచ్ తొక్కావంటే మంచం ఎక్కుతావు అన్నారు. డ్రైవరును క్లచ్ తొక్కవద్దంటే ఇక మిగిలేదేముంది? ఇంట్లో కూర్చున్నాను. నా ఇంటిది సోమమ్మ మిరపకోతకు పోయి వచ్చి, ఎర్రబడ్డ వేళ్లను మజ్జిగలో ముంచుకుని, నన్ను ఒక్క మాట అనకుండా అన్నం పెట్టేది. అనకపోవడమే నాకు పెద్ద బాధ. తిట్టినా బాగుండేది. ఆఖరికి నా రాత ఒక పుచ్చిపోయిన పన్ను మార్చింది. దాన్ని పీకించుకుందామని ఈ డాక్టరు దగ్గరికి పోతే, నోరంతా మొద్దుబారి ఉన్నవాణ్ని కబుర్లు అడిగాడు. ఏం పని కాకా అన్నాడు. డ్రైవరును అన్నాను, మోకాలు సంగతి కూడా సగం మాటలతో, సగం సైగలతో చెప్పాను. ఆయన పట్టకారు చేత్తో పట్టుకునే నవ్వాడు.

"నా బండికి క్లచ్ పెడలే లేదు కాకా. తోలుతవా?"

ఆ మాటకు పన్ను పీకకముందే నాకు నొప్పి పోయింది. వారానికి నాలుగు రోజులు ఆయనకు భద్రాచలంలో క్లినిక్ ఉంది. నాలుగు రోజులు పోను రాను దారిలో నిద్రపోవాలని ఆయన కోరిక, తోలాలని నా కోరిక. ఇవాళ ఈమధ్యే కొన్న ఈ బండికి అక్కడి గుడి ముందు పూజ, అలాగే నాకు పరీక్ష. సాయంత్రం తిరిగి వచ్చాక ఖాయం చేస్తానన్నాడు. సోమమ్మ పొద్దున నా చొక్కాకు గుండీ కుట్టి, దారం పళ్లతో తెంపి, "జర నెమ్మదిగ పో, నువ్వు లారీ అనుకునేవు" అన్నది. ఆమె ముఖంలో రెండేళ్ల తర్వాత ఒక చిన్న నవ్వు చూశాను. ఆ నవ్వును బండిలో పెట్టుకునే బయలుదేరాను.

స్టీరింగ్ వెనక రెండు రెక్కలున్నాయి, చెవుల్లా. కుడి చెవి లాగితే గేరు పెరుగుతుంది, ఎడమ చెవి లాగితే తగ్గుతుంది. పాల్వంచ దాటేసరికి చేతి వేళ్లకు అది వచ్చేసింది. నాకు లారీ నేర్పిన ఉస్తాద్ దూలయ్య బతికి ఉంటే, గేరు మార్చడానికి చెవులు పిండుతున్నావేందిరా, బడిపంతులు అయినవా అని నవ్వేవాడు. డాక్టరు నిద్రలోకి జారుకునే ముందు ఒక్క మాట చెప్పాడు. గట్టు మీద ఆగాల్సి వస్తే బ్రేకు మీదే ఉండు కాకా, ఆక్సిలేటర్‌తో ఆపకు అని. సరే సార్ అన్నాను. లోపల మాత్రం నవ్వుకున్నాను. గట్టు మీద బండి ఎలా ఆపాలో ముప్పై ఒక్క ఏళ్ల డ్రైవరుకు పళ్లు పీకే పిల్లగాడు చెప్పడమా? ఇప్పల గట్టు పుట్టింది నేను ఎక్కడానికే అనుకున్న రోజులున్నాయి నాకు.

ముందు లారీ రెండు గజాలు కదిలింది. నేనూ కదిలాను, ఆగాను. బ్రేకు తొక్కలేదు. కుడి కాలి బొటనవేలితో ఆక్సిలేటర్‌ను అంత మాత్రమే నొక్కి పట్టాను, బండి ముందుకూ పోలేదు, వెనక్కీ జారలేదు, అలా గాలిలో నిలబడ్డట్టు నిలిచింది. అబ్బ, ఎన్నేళ్లయింది! అప్పట్లో ఇదే మా డ్రైవర్ల పట్టా. లైసెన్సు ఆఫీసువాళ్లు ఎవరికైనా ఇస్తారు, ఉస్తాద్ ఒప్పుకోవాలంటే మాత్రం ఇప్పల గట్టు మీద లోడు బండిని బ్రేకు లేకుండా, సగం క్లచ్ మీద, అంటే పెడల్ సగమే తొక్కి పట్టి, అంగుళం కదలకుండా నిలపాలి. బంపరు మీద నిండు చాయ్ గ్లాసు పెట్టేవాడు దూలయ్య. బీడీ ఒకటి ముట్టించి, అది అయ్యేదాకా ఎదురుగా గొంతుక్కూర్చునేవాడు. చాయ్ చుక్క ఒలికితే మళ్లీ ఏడాది క్లీనర్‌గానే ఉండాలి. నాది ఒలకలేదు. ఆ చాయ్ చల్లారిపోయాక ఉస్తాద్ దాన్ని నాకే ఇచ్చాడు, అంత తియ్యటి చాయ్ మళ్లీ తాగలేదు. ఆ రోజు ఎడమ కాలి కింద క్లచ్ పెడల్ సన్నగా వణికింది, చేతిలో పట్టుకున్న పిట్ట గుండెలా. ఆ వణుకును పట్టి ఉంచడమే పని. ఈ బండిలో ఆ వణుకు లేదు, అసలు ఏ శ్రమా లేదు, దానంతట అదే నిలబడుతోంది. పెడల్ లేదంటే క్లచ్ లేదన్నమాట, క్లచ్ లేదంటే అరిగేదీ కాలిపోయేదీ ఏమీ లేదన్నమాట. ఏం కాలం వచ్చింది అనుకున్నాను. మళ్లీ రెండు గజాలు. మళ్లీ నిలిపాను. మళ్లీ రెండు గజాలు.

ఎంతసేపు అలా నిలిచానో తెలియదు. ఇప్ప పువ్వు రాలే కాలం. రోడ్డు పక్క చెట్ల కింద ఆకులు కాల్చి నేల నల్లగా, శుభ్రంగా చేసి పెట్టారు, దాని మీద పాలరంగు పువ్వులు టప్ టప్ మని పడుతున్నాయి. ఒక్క పువ్వు పడిన చప్పుడు ఇంత బండ్ల మోతలో ఎలా వినపడుతోంది? వినపడుతోంది మరి. బుట్టలతో ఆడవాళ్లు వంగి ఏరుతున్నారు, తమ మాటల్లో తాము ఏదో అనుకుని నవ్వుతున్నారు. ఆ వాసన, తీపి, కాస్త పులుపు, కాస్త మత్తు, అద్దం సందులోంచి లోపలికి వచ్చి డాక్టరు గురకలో కలిసింది. నా కళ్లు మూతపడలేదు గాని ఎక్కడికో పోయాయి. లారీ క్యాబిన్, సీటు వెనక సోమమ్మ కట్టిచ్చిన సద్ది, అద్దానికి వేలాడే నల్లతాడు, మధ్యాహ్నం రెండు గంటలు, దుమ్ములోంచి నడిచి వస్తున్న ఒక ఎర్ర తలపాగా. దాన్ని తలచుకోకూడదని పక్కకు చూశాను. అప్పుడే ఇప్ప వాసన వెనక మరో వాసన వచ్చింది. కాలిన గోనెసంచిలా, మాడిన వెంట్రుకల్లా. ముందున్న లారీదేమో అనుకున్నాను. ముక్కు అబద్ధం చెప్పదు, మనిషే చెబుతాడు. చెట్ల దగ్గర నుంచి ఒక ముసలమ్మ బుట్ట చంకన పెట్టుకుని వచ్చి అద్దం మీద తట్టింది.

"ఓ అయ్యా, నీ బండికెల్లే పొగొస్తంది. జర సూసుకో."

వెనక నుంచి ఎవరో ముత్తక్కా దా అని పిలిస్తే ఆమె వెళ్లిపోయింది. స్టీరింగ్ ముందున్న మీటర్ల గాజులో ఒక పసుపు దీపం వెలిగి ఉంది, పళ్ల చక్రం బొమ్మ, దాని మీద మంట బొమ్మ. ఎప్పుడు వెలిగిందో. కుడి కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది, గట్టిగా తొక్కి పట్టాను. గేరు తీసేసి చేతి బ్రేకు కూడా వేశాను. అర్థమైంది. క్లచ్ లేకపోవడమేంది, ఉంది. నా కాలికి కనపడకుండా లోపల ఉంది. నేను బొటనవేలితో నాజూకుగా నిలబెట్టానని మురుస్తుంటే, లోపల ఎవరో కూర్చుని నా బదులు సగం క్లచ్ తొక్కి పట్టి ఉన్నారు, పళ్లెం పళ్లెం రాసుకుని కాలుతున్నా అబ్బా అనకుండా. పెడల్ తీసేస్తే తొక్కే పని పోదు, ఇంకొకరి మీద పడుతుంది. ఆ లోపల కూర్చున్నవాడి ముఖం నాకు కనపడింది. ఎర్ర తలపాగా, ముందు పంటికి వెండి చుట్టు. ఇంక తలచుకోకుండా ఎలా ఉండను?

మోతీలాల్ నా జోడీ. ఒకే టిప్పరు, ఇద్దరు డ్రైవర్లం. పొద్దున ఆరు నుంచి రెండు దాకా నేను, రెండు నుంచి పది దాకా అతను. ఒకే సీటులో కూర్చుంటాం, ఒకే క్లచ్ తొక్కుతాం, రోజుకు పది నిమిషాలు మాత్రం కలుస్తాం. తల్లాడ దగ్గర తండా అతనిది, కొత్తగూడెంలో గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. అతని భార్య గోరి జొన్న రొట్టెలు కట్టి పంపితే అందులో ఒకటి నాకు వేరుగా గుడ్డలో చుట్టి తెచ్చేవాడు, నువ్వు దిగేసరికి ఆకలి మీదుంటవు అన్నా అనేవాడు. పద్దెనిమిదేళ్ల కింద, ఇదే నెలలో, ఇదే గట్టు మీద బండ్లు ఆగాయి. ఉస్తాదులు, కొత్తవాళ్లు అందరూ దిగి నిలబడ్డారు. ఎవడో ఇప్పుడు చాయ్ గ్లాసు నిలిపే మొనగాడు లేడన్నాడు. నాకు రోషం వచ్చింది. పూర్తి లోడు బొగ్గుతో, నిండు గ్లాసుతో నిలిపాను, ఒక బీడీ కాదు, రెండు బీడీలు అయ్యేదాకా. ఈలలు వేశారు. పెడల్ వణుకు ఆగిపోయి మెత్తబడడం నా అరికాలికి తెలిసింది. ఈ వాసనే వచ్చింది. రెండు గంటలకు బండి దిగాను, రొట్టె తీసుకున్నాను, తాళం చెవి చేతిలో పెట్టాను. క్లచ్ సంగతి చెప్పలేదు. చెబితే షెడ్డుకు పోవాలి, ఎందుకు కాలిందని అడుగుతారు, గ్లాసు కథ బయట పడుతుంది. ఒక్క షిఫ్టు నడుస్తుందిలే అనుకున్నాను. నడవలేదు. మూడో ట్రిప్పులో గట్టు మధ్యలో క్లచ్ పట్టు వదిలేసింది, లోడు బండి వెనక్కి జారి కాలువలో పడింది. బొగ్గంతా ఇప్ప చెట్ల కింద కుప్ప. మోతీలాల్ ఎడమ జబ్బ విరిగింది, గేరు రాడ్డు పట్టే చెయ్యి.

బండి యజమాని సేటు దవాఖానాలో అతని మంచం దగ్గరికే వచ్చి, సగం క్లచ్ మీద తోలేవాడికి బండి ఎవడిస్తాడని, ఇక రావద్దని చెప్పిపోయాడు. మోతీలాల్ సేటు పోయాక, పక్కనే నిలబడ్డ నా వైపు చూశాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగేవాడి చూపు.

"అన్నా, నువ్వు దిగేటప్పుడు వాసన ఏదన్నా వచ్చిందా?"

"లేదు తమ్మీ" అన్నాను.

ఆ రెండు మాటలే. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు అతను స్టీరింగ్ పట్టలేదని విన్నాను. తన తప్పు ఏమిటో తనకే తెలియకుండా, నేనే సరిగా తోలలేదేమో అనుకుంటూ బతికి ఉంటాడు, అదే నన్ను కోస్తుంది. నాలుగేళ్ల కింద ఖమ్మం మిర్చి యార్డులో కనిపించాడు. ఎడమ చెయ్యి సగమే లేస్తోంది, కుడి చేత్తో బస్తా ఈడుస్తున్నాడు. పక్కన ఒక ఆడపిల్ల, సోనీ బిడ్డా జర పట్టు అంటున్నాడు. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకుని అన్నా అని పిలిచాడు. నేను వినపడనట్టు బస్తాల వెనక్కి తప్పుకున్నాను. ఇంత పిరికివాణ్ని ఇప్పల గట్టు ఎలా మోసిందో.

ఇప్పుడు డాక్టరు నిద్రపోతున్నాడు. నాకు సమయం ఉంది. అద్దం పూర్తిగా దించితే గాలికి వాసన పోతుంది. కాసేపటికి దీపం ఆరిపోతుంది. ఆరకపోయినా చెప్పడానికి మాట సిద్ధంగా ఉంది. ఇది కొత్త బండి కాదు, హైదరాబాదులో ఎవరో పెళ్లి బరాత్‌లకు కిరాయికి తిప్పిన బండి, ఆ సంగతి డాక్టరే చెప్పాడు. బ్యాండు మేళం వెనక, చిందులేసే జనం వెనక, నడిచే మనిషి వేగంతో రెండేసి గంటలు పాకిన బండికి క్లచ్ మిగులుతుందా? పాత బండి కదా సార్, అరిగిపోయి ఉంటది అంటే చాలు. నమ్ముతాడు. సగం నిజం కూడా. సాయంత్రం ఉద్యోగం ఖాయం. సోమమ్మ మిరపకోత మానుతుంది. నిజం చెబితే, వద్దన్న పని మొదటి రోజే చేసినవాణ్ని ఎవరు పెట్టుకుంటారు? మళ్లీ ఇంట్లో కూర్చోవాలి, మళ్లీ మజ్జిగలో ముంచిన ఆ వేళ్లు. ఎడమ కాలికి పని లేని బండి ఈ జిల్లా మొత్తంలో నాకు ఇదొక్కటే దొరికింది. దేవుడా, ఒక్క అబద్ధానికి ఇంత లాభం పెట్టి నా ముందు ఎందుకు నిలబెట్టావు అని నిజంగానే అడిగాను. ఇప్ప పువ్వు ఒకటి అద్దం మీద పడి, జారి, వైపరు దగ్గర ఆగింది. ముందు లారీ కదిలింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. నేను చెయ్యి బయట పెట్టి, పక్క నుంచి పొమ్మని సైగ చేశాను.

ఆ హారన్‌కు డాక్టరు కదిలాడు. కళ్లు తెరవకుండానే ముక్కు చిట్లించాడు. నిద్ర గొంతుతో, నెమ్మదిగా అడిగాడు.

"వాసన ఏదన్నా వచ్చిందా?"

అదే మాట. కాకా అని కూడా అనలేదు. అడిగింది ఎవరో చూడకుండానే జవాబు చెప్పాను.

"అవ్ మోతీ, వచ్చింది. నేను దిగకముందే వచ్చింది. నాకెరుకే, నేనే చెప్పలే."

డాక్టరు కళ్లు తెరిచాడు. "మోతీ ఎవరు కాకా?"

నేను నా చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాను. చెమటే అనుకున్నాడో ఏమో. "క్లచ్ కాలింది సార్. మీరు వద్దన్నా ఆక్సిలేటర్ మీదనే ఆపిన. గంట సేపు. బండి పాతదే గాని, కాల్చింది మాత్రం నేనే" అన్నాను. ఆయన దీపం వైపు చూశాడు, నా వైపు చూశాడు, దిగి వంగి బండి కిందికి చూశాడు, పుచ్చిన పన్ను చూసేటప్పుడు ఎలా చూశాడో అలాగే. ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు. చల్లారనియ్యాలె సార్, ముందు రోడ్డు మొత్తం ఖాళీ అయినంక ఒకటే ఊపుల ఎక్కాలె, నడుమ ఆగొద్దు అన్నాను. ఇద్దరం చెట్టు కింద నిలబడ్డాం. మోతీలాల్ ఎవరో అప్పుడు చెప్పాను, గ్లాసు దగ్గర నుంచి మిర్చి యార్డు దాకా, ఏదీ తగ్గించకుండా. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అయ్యో అనలేదు, అందుకు ఆయనకు దండం పెట్టాలి. దీపం ఆరి, ముందు రోడ్డు ఖాళీ అయ్యాక డాక్టరే డ్రైవరు వైపు తలుపు తీశాడు.

"నేను తోలుత. నువ్వు ఇటు కూర్చో కాకా. మిగతాది పూజ అయినంక మాట్లాడుదాం."

ఆ గొంతులో ఉద్యోగం ఉందో లేదో నాకు తెలియలేదు. లేదనే అనుకున్నాను, సోమమ్మ కుట్టిన గుండీని వేలితో తడిమాను. డాక్టరు బ్రేకు వదిలాడు, బండి రెండు లెక్కపెట్టేంత సేపు తనను తానే పట్టుకుని నిలబడి, ఒక్క ఊపున లేచింది. జారలేదు. గట్టు పైదాకా నా ఎడమ కాలు చాపను గట్టిగా తొక్కి పట్టే ఉంది, మోకాలు కలుక్కుమంటున్నా వదలలేదు, లోపలివాడికి ఇన్నాళ్లకు కాస్త సాయం పట్టినట్టు. పైకి చేరాక గాలి మారింది, బూర్గంపాడు వైపు దూరంగా గోదావరి ఎండకు తళుక్కుమంది. ఉద్యోగం ఉన్నా లేకపోయినా రేపు పొద్దున మొదటి బస్సుకు తల్లాడ పోతాను. తండాలో అతని ఇల్లు అడిగి పట్టుకుంటాను. లోపలికి రమ్మంటాడో, తలుపు వేసుకుంటాడో అతని ఇష్టం. వాకిట్లో నిలబడి, అతను అడిగిన మాటకు జవాబు చెప్పి వస్తాను.

వచ్చింది తమ్మీ. వాసన వచ్చింది.